మద్యపు కుండలో మూలిక

బొబ్బిలి అనగానే 1757 జనవరి 24వ తేదీ నాటి యుద్ధము మన మనస్సునకు వచ్చును. బుస్సీ దొర ఫిరంగులు, తాండ్ర పాపారాయని కత్తి, తరువాతి కాలమున గొల్లపల్లి వీణలు, వీనిని గూర్చి చెప్పినవారును వ్రాసినవారును పెక్కుమంది కలరు. నేను ఈ ప్రసంగమున శ్రోతల దృష్టిని కోటనుండి కొంచెము మరల్చి, సాలూరు, పార్వతీపురముల మీదుగా కనబడు కొండలవైపు త్రిప్పదలచితిని. ఆ కొండలనుండి ఇప్పపువ్వు, కరక్కాయ, తానికాయ, ఉసిరిక, తేనె, చింతపండు తరతరములుగా ఈ సీమ సంతలకు దిగివచ్చుచున్నవి. వీనిలో కొన్ని వంటయింటికి పోవును, కొన్ని వైద్యుని యింటికి పోవును. ఒకప్పుడు వీనికి మూడవ త్రోవ కూడ ఉండెను. అది మద్యపు కుండ. ఆకులనుండియు, వేళ్లనుండియు, పట్టలనుండియు వాసనను, రుచిని, గుణమును తీసి మద్యమున కెక్కించు విద్య ఆ కుండ చుట్టును పెరిగినది. అది ఎట్లు పెరిగినదో, పిదప ఎట్లు ముక్కలైనదో చెప్పుటయే నా యుద్దేశము.

మద్యపు చరిత్ర చెప్పువాడు మద్యమును సమర్థించువాడని కొందరు తలపవచ్చును. నేను అట్టివాడను కాను. మన పల్లెలలో సారాయి ఎన్ని సంసారములను కూల్చినదో ఎరుగనివారు లేరు. అయినను, సారాయి మన పేదవాని గొంతులోనికి ఇంత ముతకగా, ఇంత హానికరముగా ఎప్పుడు మారి దిగినదో తెలిసికొనవలె నన్నచో, అంతకు ముందు ఆ కుండలో ఏమేమి ఉండెడివో తెలియవలెను గదా.

మొదట కౌటిల్యుని అర్థశాస్త్రము చూతము. అందు సురాధ్యక్షుని ప్రకరణమున మేదకము, ప్రసన్న, ఆసవము, అరిష్టము, మైరేయము, మధువు అని ఆరు విధములు చెప్పబడినవి. వాని పాళ్లు వంటకపు పాళ్లవలె లెక్కతో ఇవ్వబడినవి. ఆసవమునకు వెలగపండు నూరు పలములు, చెరకు పాకము ఐదువందల పలములు, తేనె ఒక ప్రస్థము. మైరేయమునకు మేషశృంగి పట్ట కషాయము, బెల్లము, పిప్పళ్లు మిరియముల చూర్ణము, లేదా త్రిఫల చూర్ణము. తియ్యమామిడి రసముతో వాసన కట్టిన సురకు సహకారసుర అనియు, సంభారములు అనగా సుగంధపు దినుసులు చేర్చినదానికి సంభారిక అనియు పేర్లు కలవు. ఇప్పుడు పడమటి దేశములలో మూలికల మద్యములని గొప్పగా అమ్మబడునవి ఈ సంభారికకు దూరపు చుట్టములే.

ఈ ప్రకరణమున నాకు మిక్కిలి ముఖ్యముగా తోచినవి రెండు వాక్యములు. అరిష్టముల పాళ్లు ఏ వ్యాధికి ఎట్లుండవలెనో చెప్పువాడు వైద్యుడట. అమ్మకమును, పన్నును కట్టుదిట్టముగా చేతబట్టుకొన్న ఆ కౌటిల్యుడే, కుటుంబులు శుభకార్యములయందు తెల్లసురను, ఔషధార్థము అరిష్టమును తమ యింట చేసికొనవచ్చునని అనుమతి నిచ్చినాడు. ఉత్సవములకు, జాతరలకు నాలుగు దినముల గడువు వేరుగా ఉన్నది. అనగా ఇంటి కుండకు రెండు హక్కులుండెను: ఒకటి పండుగ హక్కు, రెండవది మందు హక్కు. నేను చెప్పబోవు కథయంతయు ఈ రెండు హక్కుల కథయే.

మూలిక మద్యమున చేసెడి పని యేమి? మత్తు కొరకు వేసెడివారని సాధారణముగా అనుకొందురు. నిజమునకు మత్తు బెల్లమునుండియో, బియ్యమునుండియో, పువ్వులోని తీపినుండియో వచ్చును. మూలిక పని వేరు. ఈ విషయమున శార్ఙ్గధరుని సంహిత చక్కని దారి చూపును. కాచని మందులతోను నీటితోను పులియబెట్టినది ఆసవము. కషాయము కాచి పులియబెట్టినది అరిష్టము అని ఆయన విభజించినాడు. వినువారికి ఇది పేర్ల తగవుగా తోచవచ్చును. కాని కుండయెదుట కూర్చున్నవానికి ఇందులో గొప్ప యుక్తి కనబడును. దశమూలములవంటి గట్టి వేళ్లు, అశోకపు పట్టవంటి పట్టలు పచ్చినీటికి లొంగవు, వానిని కాచవలసినదే. ఏలకులు, లవంగములవంటి వానిలోని వాసనతైలము అట్లు కాదు. కాచినచో ఆవిరియై ఇల్లంతయు ఘుమఘుమలాడును, కుండలో మాత్రము ఏమియు మిగులదు. అందుచేతనే అరిష్టమున గూడ కషాయము చల్లారిన పిదపనే ఈ సుగంధపు చూర్ణములను వేయుదురు. ఈ నియమము ప్రతి యోగమునను తప్పక పాటింపబడినదని నేను చెప్పజాలను. అయినను మొత్తముమీద దారి ఇదియే.

పాళ్లు ఎక్కడ ప్రత్యేకముగా చెప్పబడలేదో అక్కడ ఎట్లు చేయవలెనో కూడ శార్ఙ్గధరుడు చెప్పినాడు. ద్రోణము ద్రవమునకు ఒక తుల బెల్లము, అనగా నూరు పలములు. బెల్లములో సగము తేనె. పైన వేయు చూర్ణము పదియవ వంతు. ఈ పదియవ వంతే వాసనకును రుచికిని మూలము. కుండ లోపల నేయి రాచి, ధూపము పట్టి, అన్నియు వేసి, మూకుడు మూసి, గుడ్డకు మట్టి పూసి అతికింతురు. దానిని భూమిలోనో, ధాన్యపు రాశిలోనో పెట్టి సుమారొక నెల కదపరు. ధాన్యరాశి వేడిమిని ఒక్క తీరున నిలుపును. నెల నిండిన తరువాత చెవి యొగ్గి వినవలెను. బుసబుసలు ఆగిపోయి యుండవలెను. వెలుగుచున్న పుల్లను కుండమూతి దగ్గర పట్టవలెను. అది ఆరిపోయినచో లోపల ఇంకను పులియుచున్నదన్నమాట, బొగ్గుపులుసు వాయువు వెలువడుచున్నదన్నమాట. వెలిగినచో పని అయినదన్నమాట. కొలకర్ర లేదు, గాజుగొట్టము లేదు, చెవియు పుల్లయు చాలినవి.

ఈ నెలదినములలో కుండలో జరుగునదేమి? బెల్లపు తీపి కొంచెము కొంచెముగా మద్యసారమగును. నీటికి పట్టుబడని వాసనతైలములు, వగరులు, చేదులు ఆ మద్యసారమునకు పట్టుబడును. మద్యసారము పుట్టుచుండగనే మూలిక అందులో నానుచుండును. సాధారణముగా అది నూటికి పండ్రెండు పాళ్లకు మించదు. అందుచే మూలిక కాలిపోదు, రుచి మెత్తగా దిగును. ఈ పులియుటకు తోడ్పడునది ధాతకీ పుష్పము. మన తెలుగువారు కొందరు దీనిని ఆరెపువ్వు అందురు. తూర్పు కనుమలలో మాఘ ఫాల్గుణములయందు ఎర్రగా విచ్చుకొను చిన్న పొద ఇది. దాని పూలలోని తేనెలో పులిపించు సూక్ష్మజీవులు కాపురముండును. పేరు తెలియకపోయినను పని తెలిసి వాడిరి.

ఇక దించిన మద్యము, అనగా ఆవిరి పట్టి చుక్కలు చేసిన సారాయి. అక్బరు కాలమునాటి అయినీ అక్బరీలో అబుల్ ఫజల్ దీనిని వివరించినాడు. మణుగు చెరకునకు పది సేర్ల తుమ్మచెక్క, మూడింతల నీరు కలిపి పెద్ద జాడీలలో పోసి, వానిని భూమిలో పాతి, చుట్టును ఎండిన గుర్రపు లద్దె పేర్చి, ఏడు మొదలు పది దినములు ఉంచెడివారట. మణుగునకు పది సేర్లనగా చెరకులో నాలుగవ వంతు. చిటికెడు సుగంధము కాదు. తుమ్మచెక్కలోని టానిన్ అను వగరు పదార్థము ఊటలోని మడ్డిని అడుగునకు దించును, పుల్లబారుటను కొంత ఆపును. దక్షిణ దేశమున తెల్లతుమ్మ పట్టను ఇట్లే వాడిరి. తమిళులు దానినిబట్టి ఆ మద్యమునకు పట్టసారాయి అనియే పేరు పెట్టిరి. భైషజ్యరత్నావళిలో మృతసంజీవనీ సుర అను యోగమొకటి కలదు. అందును మొదట పాతబెల్లముతో తుమ్మచెక్క పడును. కొన్నాళ్లు పులిసిన పిదపనే లవంగము, జాజికాయ, ఏలకి, వట్టివేరు, చందనము మొదలైనవి చేరును. ఆ తరువాత మయూరయంత్రమున ఎక్కించి దింపుదురు. నెమలి మెడవలె వంగిన గొట్టముండుటచే ఆ పేరు. ఆరోగ్యమునకు వాడిన ఆ యంత్రమునకును, కొండగూడెములో ఇప్పసారా దించు కుండలకును ఆకారమునందే గాని సూత్రమునందు భేదము లేదు.

ఇప్పపువ్వు సంగతి రెండు మాటలు చెప్పవలెను. బొబ్బిలికి ఎగువనున్న సవరలకు, జాతాపులకు ఆ చెట్టు అన్నపూర్ణ. చైత్రమాసపు తెల్లవారుజామున పూలు తామే రాలును. ఏరుకొని, ఎండబెట్టి, కొంత తినుటకును, కొంత అమ్ముటకును, కొంత కుండకును ఉంచుకొందురు. ఎండిన పువ్వు బరువులో సగమునకు పైగా తీపియే. ఆ పువ్వు వాసన సారాలో దిగకుండ ఆపుట ఎవరి తరమును కాదు. ఇచ్చట పువ్వే పిండి, పువ్వే పరిమళము. పుట్టినప్పుడు, చచ్చినప్పుడు, పొలమున విత్తు వేసినప్పుడు ఆ మద్యమును దేవతలకు ధారపోయుదురు. కౌటిల్యుడు చెప్పిన పండుగ హక్కు గ్రంథములలోనుండి జారిపోయిన పిదప కూడ కొండలయందు ఇట్లు నిలిచినది.

మన తీరమునకు వచ్చిన పరదేశులకును ఈ విద్య క్రొత్త కాదు. డచ్చివారు పదునేడవ శతాబ్దమున భీమునిపట్టణమున వర్తకశాల పెట్టుకొనిరి. వారి సమాధులు నేటికిని అచ్చట చూడవచ్చును. వారి దేశపు సారాయికి వాసన ఇచ్చునది జునిపర్ కాయ. మన వైద్యులు హపుష అని సాధారణముగా చెప్పునది ఇదియే. ఆంగ్లేయులు దానిని జిన్ను అని తమదిగా చేసికొని, అందులో ధనియములు, ఏలకులు, నారింజతొక్క కూడ చేర్చిరి. ఆవిరి పోవు త్రోవలో మూలికల బుట్టను వ్రేలాడదీసి, మూలిక కాగకుండ వాసన మాత్రము పట్టు పద్ధతి కూడ వారిలో కొందరు కనిపెట్టిరి. కుంపినీవారి ఉత్తరములలో పంచ్ అను పానీయము పేరు మొట్టమొదట కనబడునది 1632లో. ఆ యుత్తరము చేరవలసిన చోటు మన పెదపల్లి, అనగా నేటి నిజాంపట్టణము. సారాయి, చక్కెర, నిమ్మరసము, నీరు, సుగంధపు దినుసు అను ఐదింటి కలయిక గనుక పంచ అను మాటనుండి ఆ పేరు వచ్చినదని పలువురు చెప్పుదురు. తెలుగుతీరమునకు వ్రాసిన ఉత్తరములోని మాట లండను నగరపు విందులకు ఎక్కినదన్నమాట.

ఇంతవరకు మూలిక కుండలో సుఖముగానే ఉన్నది. దానిని కుండనుండి వెడలగొట్టినది ఏ మతాచార్యుడును కాదు, పన్ను. 1802లో శాశ్వత పరిష్కారము జరిగినప్పుడు బొబ్బిలి మొదలగు జమీందారులకు భూమి శిస్తు వసూలు చేయు హక్కు దక్కినది గాని, ఉప్పుతోపాటు ఆబ్కారీని కుంపినీ ప్రభుత్వము తనకే ఉంచుకొనెను. జమీందారు చెరువు జమీందారుది, తాటిచెట్టు జమీందారు నేలమీదిది, ఆ చెట్టునుండి దిగిన కల్లు మీది పన్ను మాత్రము దొరలది. 1808లో సారాయి, కల్లు రాబడిని గుత్తకిచ్చు పద్ధతి వచ్చెను. 1864లో ఒక చట్టము, 1886లో దానికంటె గట్టిదైన మదరాసు ఆబ్కారీ చట్టము వచ్చెను. లైసెన్సు లేక కాచినచో నేరమయ్యెను. పండుగయనియు, పెండ్లియనియు భేదము లేదు.

ఈ చట్టములు కాగితముమీద చూచుటకు చల్లగా ఉండును. కొండలమీద అవి ఎట్లుండెనో 1879 మార్చిలో తెలిసినది. రంప దేశమున కొండవారు తమ యింటి వాడుకకు కల్లు గీచుకొనుట తాతలనాటి ఆచారము. క్రొత్త నియమములు దానిని కాదనెను. పైగా ముఠాదారులపై పెత్తనము చేయు మన్సబుదారు చిగురుపన్ను పేర కల్లుమీద వసూలు మొదలిడెను. అదివరకే ఉన్న బాధలకు ఇది తోడయి పితూరీ లేచినది. అది విశాఖపట్టణము జిల్లాలోని గొలుగొండ కొండలకును ప్రాకినది. పితూరీకి కారణము తాగుడుపై మమకారమని అప్పటి అధికారులు కొందరు తలంచియుండవచ్చును. నాకు అది ఇంటి కుండ హక్కుకై జరిగిన పోరుగా కనబడుచున్నది.

పన్ను వేయువానికి ముక్కు పనిలేదు. వానికి కావలసినది హైడ్రామీటరు. సారాయిలో ముంచినప్పుడు అది ఎంత లోతు దిగునో చూచి, మద్యసారమెంతయో తేల్చి, గ్యాలనుకు ఇంతయని సుంకము కట్టుదురు. అయితే సారాయిలో తీపియో, మూలికల సారమో కరిగియున్నచో ద్రవము చిక్కబడి, పరికరము అబద్ధము చెప్పును. బలమైన మద్యము బలహీనమైనదిగా కనబడును. కావున ఏమియు కలియని తెల్లని సారాయియే సర్కారునకు అనుకూలము. పెద్ద బట్టీలలో కాచి, కొలిచి, పీపాలలో నింపి, గుత్తదారునకు అప్పగించుటయే పద్ధతి యయ్యెను. అందులో వెలగపండు వాసనకు గాని, ఏలకి వాసనకు గాని చోటెక్కడిది? గుత్తదారుకు కావలసినది గ్యాలనుల లెక్క. మూలిక బయట పడుటకు ఇదొక్కటియే కారణమని అనను. కాని ముఖ్యకారణములలో ఇది యొకటియని నా తలంపు.

తరువాతి ఘట్టమున బొబ్బిలి పేరు మరల వినబడును. మదరాసు రాజధానికి ప్రధానమంత్రిగా ఉండిన బొబ్బిలి రాజా రామకృష్ణ రంగారావుగారు 1937 ఎన్నికలలో తమ బొబ్బిలి స్థానముననే వి. వి. గిరిగారి చేతిలో ఓడిపోయిరి. ఆ యెన్నికలతో అధికారమునకు వచ్చిన రాజాజీ మంత్రివర్గము ఆ యేడు అక్టోబరు 1వ తేదీన సేలము జిల్లాలో మద్యనిషేధము పెట్టెను. ఆబ్కారీ రాబడి ప్రభుత్వాదాయములో మిక్కిలి పెద్ద పాలు. ఆ లోటు పూడ్చుటకు 1939లో అమ్మకపు పన్ను చట్టము తెచ్చిరి. తాగనివాడును తాగుబోతు చెల్లించెడి పన్నును పంచుకొనవలసివచ్చెనని నాడు కొందరు గొణిగియుందురు. 1948 అక్టోబరు నాటికి నిషేధము రాష్ట్రమంతట వ్యాపించెను. 1954 నవంబరులో ప్రకాశం పంతులుగారి ఆంధ్ర మంత్రివర్గము ఈ నిషేధపు ప్రశ్నమీదనే ఒక్క ఓటు తేడాతో పడిపోయినది.

నిషేధకాలమున వైద్యుని కుండకు చిక్కు వచ్చెను. అరిష్టములో మద్యసారము కలదు; కావున అది మందా, మద్యమా? మందు పేర త్రాగువారును లేకపోలేదు, మందు పేర అమ్మువారును లేకపోలేదు. 1955లో ఔషధములమీదను, అలంకరణ ద్రవ్యములమీదను ఎక్సైజు సుంకముల చట్టము వచ్చినప్పుడు, తమంతట తాము పులిసి మద్యసారము పుట్టించుకొను ఆసవారిష్టములకు వేరు స్థానము కల్పించిరి. వీనిని సాధారణ మద్యమువలె త్రాగవచ్చునా, త్రాగరాదా అనునదే అందు గీటురాయి. 2017లో వస్తుసేవల పన్ను వచ్చువరకు ఆ చట్టము నడచినది. కౌటిల్యుడు అరిష్టమునకు ఇచ్చిన మందు హక్కు ఇట్లు ఏదో ఒక రూపమున దక్కినది. కాని అది గృహస్థుని చేతినుండి మందుల కర్మాగారమునకు మారినది.

పండుగ హక్కు మాత్రము చీకటిలోనికి పోయినది. దొంగచాటుగా కాచువానికి నెలదినములు కుండ పాతిపెట్టు ఓపిక ఎక్కడిది? పోలీసులు వచ్చులోపల పని కావలెను. ఆరెపువ్వు స్థానమున నవాసాగరము వచ్చెను. ఊట త్వరగా పొంగవలెనని దానిని వేసిరి. తుమ్మచెక్క మిగిలినచోట మిగిలినది, పోయినచోట పోయినది. దానికంటె ఘోరము, పరిశ్రమలకు వాడు విషపు స్పిరిటును కలిపి అమ్ముట; చూపు పోయినవారును, ప్రాణములు పోయినవారును ఎందరో. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాయి అంగడిని మూయించినప్పుడు వారు ఎదిరించినది ఏలకులు వేసిన ఆసవమును కాదు, కూలిడబ్బును మింగిన ఈ ముతక సారాయిని. 1993 అక్టోబరు 1 నుండి సారాయి నిషేధింపబడెను. 1995 జనవరి 16 నుండి సంపూర్ణ నిషేధము వచ్చి, 1997లో సడలింపబడెను. ఇంట సారాయి కాచుట నేటికిని నేరమే. పైన చెప్పిన విషపు సంగతులు తెలిసినవారు దానిని తప్పుపట్టరు.

అయితే పరిమళమును ఆవిరిలో పట్టు విద్య మన ప్రాంతమున పూర్తిగా నశించినదా? నశించలేదు. బొబ్బిలినుండి శ్రీకాకుళము దాటి, ఇచ్ఛాపురము గడచినచో గంజాము జిల్లా వచ్చును. 1936 వరకు అది మనతోపాటు మదరాసు రాజధానిలోనిదే. నేటికిని అచ్చట తెలుగిండ్లు అనేకములు కలవు. ఆ తీరపు ఇసుకనేలలో మొగలిడొంకలు విరివిగా పెరుగును. రాగి డేగిసాలో నీరు పోసి, మొగలిపూలు వేసి, మూత చుట్టును మట్టి మెత్తి, దానికి వెదురుగొట్టము తగిలింతురు. గొట్టపు రెండవ కొన నీటితొట్టిలో ముంచిన రాగిపాత్రలోనికి పోవును. ఆ పాత్రలో ముందుగనే చందన తైలము పోసియుంతురు. ఆవిరితో వచ్చిన మొగలి వాసనను ఆ తైలము పట్టుకొనును. మద్యసారము చేయవలసిన పనిని ఇక్కడ చందనము చేయుచున్నది. తైలము లేక పట్టిన నీరు మిఠాయిలకును, షర్బతులకును పోవును.

వానకాలమే ఆ పనికి అదను. పూలు కోయువారు తెల్లవారకముందే కత్తులు చేతబట్టి ముండ్లడొంకలలోనికి దూరుదురు. కోసిన పువ్వు ఆ పూటయే డేగిసాకు ఎక్కవలెను. ఎండ ఎక్కినకొలదియు వాసన తరిగిపోవును.